నీషే చేతికర్ర, విశ్వామిత్రుడి తపస్సు, మహాడ్ చెరువు నీళ్ళు

1933లో జర్మనీలోని వైమార్ ఊళ్ళో ఎలిజబెత్ అనే 87 ఏళ్ళ పెద్దావిడ, ఎప్పుడో పోయిన తన అన్నయ్య చేతికర్రని తీసి హిట్లర్‌కి కానుకగా ఇచ్చింది. ఆ అన్నయ్య పేరు ఫ్రెడరిక్ నీషే, జర్మన్ తత్వవేత్త. ఆయన చనిపోయి అప్పటికి 33 ఏళ్ళు, మతి పోయి 44 ఏళ్ళు, అంటే తన కర్ర ఎవరి చేతికి పోతోందో, తన పేరు ఎవరి నోట్లో నానుతోందో చూసుకునే అవకాశమే ఆయనకి రాలేదు. ఇంకో రెండేళ్ళకి ఎలిజబెత్ పోతే హిట్లర్ స్వయంగా అంత్యక్రియలకి వచ్చాడు. 1943లో ముస్సోలినీ 60వ పుట్టినరోజుకి హిట్లర్ ఇచ్చిన గిఫ్టు కూడా నీషే రచనల సంపుటాలే.

ఈ సీన్లన్నీ తెలిసినవాళ్ళకి నీషే చెప్పిన 'విల్ టు పవర్' అన్న మాట వినగానే బూట్ల చప్పుడు వినిపిస్తుంది. తెలియనివాళ్ళకేమో ఇన్‌స్టాలో గుబురు మీసాల ఫోటో మీద, 'నన్ను చంపనిది నన్ను ఇంకా బలవంతుణ్ణి చేస్తుంది' అని వచ్చే రీల్ గుర్తొస్తుంది, జిమ్ము మోటివేషన్ కింద. ఈ రెంటికీ మధ్య ఆయన అసలు ఏం చెప్పాడు, దాన్ని రాజకీయాల్లోకి ఎవరెవరు ఎలా లాక్కెళ్ళారు, అందులో ఆయన తప్పెంత, లాక్కెళ్ళినవాళ్ళ తప్పెంత అన్నది విడదీసి చూడాలని నాకు చాలా రోజుల్నించీ ఉంది.

ముందుగా ఆ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే గొడవలో సగం మాట దగ్గరే ఉంది. పవర్ అన్నదానికి జర్మన్‌లో ఆయన వాడింది 'మాహ్ట్' అనే పదం. హింసకీ దౌర్జన్యానికీ వాళ్ళకి 'గెవాల్ట్' అని వేరే మాట ఉంది, ఏలుబడికి 'హెర్షాఫ్ట్' అని ఇంకోటుంది. 'మాహ్ట్' అన్నది అధికారం అనే అర్థంలో వాడేదే, అందులో అనుమానం లేదు, కానీ ఆ మాట పుట్టిన ధాతువుకి అర్థం 'చేయగలగడం'. తెలుగులో దీన్ని అధికార కాంక్ష అనీ, శక్తి సంకల్పం అనీ రాస్తుంటారు, నాకు మాత్రం మన 'సత్తా' అన్న మాటే దగ్గరగా అనిపిస్తుంది. వాడికి సత్తా ఉంది అంటే వాడికి పదవి ఉంది అని కాదు కదా, చెయ్యగలడు అని. ఇదే మాట హిందీలోకి వెళ్తే అర్థం మారిపోతుంది, అక్కడ సత్తా అంటే గద్దె, సర్కారు, ఏలుబడి. నీషేని చదివిన తప్పుల్లో చాలా మటుకు ఈ తెలుగు సత్తాకీ ఆ హిందీ సత్తాకీ మధ్య జారిపడ్డవే. ఆయన రాతలో రెండూ ఉన్నాయి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చెప్పాపెట్టకుండా వెళ్తుంటాడు, అదీ నిజమే.

ఈ ఆలోచన ఎక్కణ్ణించి వచ్చిందంటే, 1865లో లైప్జిగ్‌లో చదువుకుంటున్నప్పుడు, 21 ఏళ్ళ వయసులో, ఒక పాత పుస్తకాల షాపులో ఆయనకి షోపెన్‌హావర్ అనే జర్మన్ తత్వవేత్త పుస్తకం దొరికింది. షోపెన్‌హావర్ ఏమంటాడంటే ఈ లోకం అంతా ఒక గుడ్డి కోరిక, బతకాలనే కోరిక, దానివల్లే దుఃఖం, కాబట్టి ఆ కోరికని ఆర్పేసుకోవడమే దారి. మన వేదాంతం, బౌద్ధం చదివి ఇష్టపడ్డవాడాయన, మనకి ఈ మాటలు కొత్తగా ఏమీ అనిపించవు. నీషే మొదట్లో దీనికి పడిపోయాడు, తర్వాత ఎదురు తిరిగాడు. ప్రాణి కేవలం బతకాలని మాత్రమే కోరుకుంటుందా, అని ఆయన ప్రశ్న. పాత గోడ పగుల్లో రావి మొక్క మొలుస్తుంది చూడండి, దానికి బతకడమే కావాలంటే ఆ రెండు ఆకులతో సరిపెట్టుకోవచ్చు, కానీ అది వేరు దింపుతుంది, గోడని చీలుస్తుంది, గోడనే తన నేలగా మార్చుకుంటుంది. ప్రాణం అన్నిటికంటే ముందు తన బలాన్ని బయటికి పెట్టాలనుకుంటుంది, ప్రాణాన్ని కాపాడుకోవడం అన్నది దాని పర్యవసానాల్లో ఒకటి మాత్రమే అని 1886లో వచ్చిన 'మంచి చెడులకి ఆవల' పుస్తకంలో రాశాడు. అంతకుముందు 'జరతూష్ట్ర ఇలా అన్నాడు' అనే పుస్తకంలో ఇంకా ముందుకెళ్ళి, ప్రాణం ఉన్న ప్రతిచోటా నాకు ఈ శక్తి సంకల్పం కనిపించింది, సేవకుడి మనసులో కూడా యజమాని కావాలనే సంకల్పం కనిపించింది అంటాడు. ఆ మాట ఉన్న అధ్యాయం పేరు 'తన్ను తాను దాటడం' గురించి. పేరులోనే ఉంది, ఎవర్ని దాటాలో.

ఇక్కడ మనకి బాగా తెలిసిన మనిషి ఒకాయన వస్తాడు. నీషే తన పుస్తకాల్లో రెండు చోట్ల, 1881లో వచ్చిన 'ఉషోదయం' లో ఒకసారి, 1887 నాటి 'నీతి వంశవృక్షం' లో ఒకసారి, విశ్వామిత్రుణ్ణి ఉదాహరణగా తీసుకున్నాడు! వేల ఏళ్ళు తనని తాను హింసించుకుని, దాన్లోంచి ఎంత సత్తా, ఎంత ఆత్మవిశ్వాసం సంపాదించాడంటే ఏకంగా కొత్త స్వర్గాన్నే కట్టడానికి పూనుకున్నాడు అని. మనం చిన్నప్పుడు విన్న త్రిశంకు స్వర్గం కథే అది. ఆ వెంటనే ఒక మాట అంటాడు, కొత్త స్వర్గం కట్టిన ప్రతివాడూ దానికి కావాల్సిన బలాన్ని తన సొంత నరకంలోనే సంపాదించుకున్నాడు అని. ఈ ఒక్క వాక్యం చేతిలో పెట్టుకుని చూస్తే నీషే పవర్ అన్నప్పుడు ఏ వైపు చూస్తున్నాడో అర్థమవుతుంది. ఇక నీషే చెప్పని మిగతా కథ మనకి తెలుసు. విశ్వామిత్రుడు మొదట సైన్యం ఉన్న రాజు, వశిష్ఠుడి ఆవు కోసం ఆ సైన్యాన్నంతా దించి ఓడిపోయి, 'ధిగ్బలం క్షత్రియబలం' అనుకుంటూ ఆ బలాన్నే ఛీకొట్టి అడవికి పోయినవాడు. అంటే హిందీ సత్తా ఓడిపోయాక తెలుగు సత్తా వెతుక్కుంటూ వెళ్ళాడన్నమాట. అప్పుడు కూడా లోపల వశిష్ఠుడి మీద పగ ఉంది, ఆ పగ ఉన్నంతకాలం ఎంత తపస్సు చేసినా పక్కదారి పట్టింది, కోపాన్ని దాటాకే బ్రహ్మర్షి అయ్యాడు. సంకల్పంలో ఎన్ని రకాలుంటాయో, ఒకే మనిషిలో ఎన్ని రంగులు మారుస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు ఏ దేశంలోనూ కనపడలేదు.

ఇంకో ముఖ్యమైన చోటు 1882 నాటి 'ఉల్లాస విజ్ఞానం' లో ఉంది. మనం ఇతరులకి మేలు చేసినా కీడు చేసినా మన బలాన్ని వాళ్ళ మీద చూపించుకుంటున్నట్టే అంటాడు అక్కడ. ఇంతవరకు వింటే భయంగానే ఉంటుంది. కానీ ఆ తర్వాత, ఇతరులని బాధపెట్టడంలో వచ్చే హాయి మేలు చెయ్యడంలో వచ్చేంత స్వచ్ఛంగా ఎప్పుడోగానీ ఉండదు, బాధపెట్టాల్సి వస్తోందంటే మనకింకా బలం చాలలేదని గుర్తు అంటాడు. బయట ఎవరిముందూ నోరు లేవనివాడే ఇంటికొచ్చి పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటాడని మన ఆడవాళ్ళు ఎప్పట్నించో చెప్తున్న సంగతే ఇది. దౌర్జన్యం అనేది బలం ఎక్కువై పొంగడం కాదు, బలం తక్కువై కక్కడం. దీన్ని రాజ్యానికి కూడా అన్వయించాడాయన. సమాజానికి బలం పెరిగే కొద్దీ దాని శిక్షలు మెత్తబడతాయి, తన మీద తనకి బాగా నమ్మకం ఉన్న సమాజం నేరం చేసినవాణ్ణి శిక్షించకుండా వదిలెయ్యగలిగే విలాసాన్ని కూడా భరించగలదు, ఆ విలాసం పేరే దయ అని. ఏ ప్రభుత్వమైనా ఒక కార్టూన్‌కి, ఒక పోస్టుకి, కాలేజీ పిల్లల నినాదానికి జైళ్ళు తెరుస్తోందంటే దాన్ని బలమైన ప్రభుత్వం అనాలా అన్న ప్రశ్న నీషే నుంచి నేరుగా వస్తుంది. బలమైన ప్రభుత్వం అని ఓటేసినవాళ్ళం ఈ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగాలి అని నా అభిప్రాయం.

బిస్మార్క్ జర్మనీని ఏకం చేసి సామ్రాజ్యం కట్టి, దేశమంతా విజయోత్సాహంలో ఊగుతున్న రోజుల్లో నీషే రాసింది చూడండి. అధికారంలోకి రావడానికి చాలా ఖరీదు కట్టాలి, అధికారం మనుషుల్ని మొద్దుల్ని చేస్తుంది, 'అన్నిటికంటే జర్మనీయే పైన' అన్న పాటతో జర్మన్ ఫిలాసఫీ కథ ముగిసిపోయిందని నా భయం, అని. జరతూష్ట్రలోనైతే రాజ్యాన్ని చల్లటి రాక్షసులన్నిట్లోకీ అతి చల్లటి రాక్షసి అన్నాడు. 24 ఏళ్ళకే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రొఫెసర్ అయ్యి, దానికోసం తన జర్మన్ రాజ్యమైన ప్రష్యా పౌరసత్వం వదులుకుని, చచ్చేదాకా ఏ దేశపు పౌరుడూ కాకుండా బతికిన మనిషి ఆయన. ఇలాంటివాడు జాతీయవాదుల ఇంటి దేవుడెలా అయ్యాడు?

అక్కడే చెల్లెలి కథ వస్తుంది. ఎలిజబెత్ 1885లో బెర్న్‌హార్డ్ ఫోర్స్టర్ అనే బడిపంతుల్ని పెళ్ళి చేసుకుంది. యూదుల హక్కుల్ని కుదించాలని లక్షల సంతకాలు పోగుచేసి బిస్మార్క్‌కి అర్జీ ఇప్పించినవాళ్ళలో అతను ముఖ్యుడు. ఇద్దరూ కలిసి పరాగ్వేలో 'న్యూవా జెర్మానియా' పేరుతో కల్తీ లేని ఆర్యుల ఊరు ఒకటి కట్టడానికి కొన్ని కుటుంబాలని తీసుకుని వెళ్ళారు, అది నడవలేదు, 1889లో ఫోర్స్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ పెళ్ళి విషయంలో నీషే బాధ మామూలుది కాదు. 1887 చివర్లో చెల్లెలికి రాసిన ఉత్తరంలో, యూదు ద్వేషుల నాయకుడితో నీ సంబంధం నీకూ నాకూ కూడా నువ్వు చేసిన అతిపెద్ద తెలివితక్కువ పనుల్లో ఒకటి, ఈ విషయంలో పూర్తిగా శుభ్రంగా ఉండటం నాకు పరువు సమస్య అని రాశాడు. మతి తప్పుతున్న ఆఖరి రోజుల్లో స్నేహితుడు ఓవర్‌బెక్‌కి రాసిన చీటీలో కూడా యూదు ద్వేషులందర్నీ కాల్పించేస్తున్నాను అని ఉంది.

అదే 1889 జనవరిలో ట్యూరిన్‌లో ఆయన కుప్పకూలాడు. తర్వాత 11 ఏళ్ళు బతికాడు గానీ మతి తిరిగి రాలేదు. పరాగ్వే నుంచి తిరిగొచ్చిన ఎలిజబెత్ రాతలన్నిటినీ చేతుల్లోకి తీసుకుంది, 1894లో నీషే ఆర్కైవ్ పెట్టింది. ఆయన 1900లో చనిపోతే 1901లో 'విల్ టు పవర్' అనే పుస్తకం మార్కెట్‌లోకి వచ్చింది, 483 ముక్కలతో. 1906 ఎడిషన్‌కి అవి 1067 అయ్యాయి. చనిపోయినవాడి పుస్తకం ఐదేళ్ళలో రెట్టింపు దాటింది!

అసలు విషయం ఏంటంటే అలాంటి పుస్తకం నీషే రాయలేదు. ఆ పేరుతో ఒకటి రాయాలనుకున్నాడు, 1886లో ప్రకటించాడు కూడా, నోట్ బుక్కుల్లో ప్లాన్ల మీద ప్లాన్లు వేశాడు, ఆ పేరుతో ఆఖరి ప్లాన్ 1888 ఆగస్టు 26 తారీకుది, ఆ తర్వాత ఆ ఆలోచనే వదిలేసి వేరే పుస్తకాల్లోకి వెళ్ళిపోయాడు. ఎలిజబెత్, శిష్యుడు పీటర్ గాస్ట్ కలిసి ఆ నోట్ బుక్కుల్లోంచి ముక్కలు కత్తిరించి, కొన్నిచోట్ల ఒకే నోటుని విరగ్గొట్టి, తమకి నచ్చిన వరసలో పేర్చారు. నీషే ఈ పుస్తకం కోసమని ఒక దశలో స్వయంగా నంబర్లు వేసుకున్న నోట్లు 374, అందులో 104 ఈ పుస్తకంలోకి రానే లేదు. ఇదంతా లోకానికి వివరంగా తెలియడానికి 1960లు రావాల్సొచ్చింది. జార్జియో కొల్లి, మజీనో మొంటినారి అనే ఇద్దరు ఇటలీవాళ్ళు, అందులో మొంటినారి కమ్యూనిస్టు, తూర్పు జర్మనీలోని వైమార్‌కి వెళ్ళి, అసలు రాతప్రతుల ముందు ఏళ్ళ తరబడి కూర్చుని తేదీలవారీగా మొత్తం తిరగరాసి అచ్చు వేయించడం మొదలుపెట్టారు, 1967 నుంచి ఆ సంపుటాలు వస్తూ వచ్చాయి. అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వానికి నీషే అంటే ఫాసిస్టుల గురువు. ఆ దేశంలో, ఒక కమ్యూనిస్టు చేతి మీదుగా, ఆయన రాతలు మళ్ళీ శుభ్రపడ్డాయి. ఇలాంటి ఓపిక గల పని గురించి చదివినప్పుడు నాకు ఎంత గౌరవం కలుగుతుందో చెప్పలేను. మన దగ్గర ఇలా కూర్చోవాల్సిన రాతప్రతులు ఎన్నున్నాయో కూడా గుర్తొస్తుంది.

నాజీల వైపు నుంచి దీన్ని సిద్ధాంతంగా మార్చిన మనిషి ఆల్ఫ్రెడ్ బాయ్‌మ్లర్. 1931లో నీషేని ఫిలాసఫర్‌గా, రాజకీయవాదిగా చూపిస్తూ పుస్తకం రాశాడు. అతని పద్ధతి చాలా సింపుల్, నీషే బతికుండగా అచ్చయిన పుస్తకాలు ముసుగులు, అసలు నీషే ఆ 'విల్ టు పవర్' నోట్లలో ఉన్నాడు అనడం. అలా అనేస్తే జర్మన్ల మీద తిట్లు, యూదుల గురించి మెచ్చుకోళ్ళు, రాజ్యం మీద అసహ్యం అన్నీ ముసుగులోకి పోతాయి, మిగిలింది పోరాటం, జాతి, క్రమశిక్షణ. 'బంగారు జుట్టు మృగం' అన్న మాటని పట్టుకుని అదిగో ఆర్యుడు అన్నారు, తీరా ఆ పేరాలో నీషే ఇచ్చిన లిస్టులో రోమన్లు, అరబ్బులు, జపాన్ కులీనులు కూడా ఉన్నారు, అరబ్బుకీ జపాన్‌వాడికీ బంగారు జుట్టు ఎక్కడిది? అది సింహం జూలు. నాజీల్లోనే ఎర్న్స్ట్ క్రీక్ లాంటివాళ్ళకి ఈ సంగతి తెలుసు, ఈయన సోషలిస్టూ కాదు, నేషనలిస్టూ కాదు, జాతి సిద్ధాంతానికీ వ్యతిరేకి, ఇంక మనవాడెలా అవుతాడు అని అతను గొణిగాడు కూడా.

సరే, ఇక్కడితో ఆపేస్తే కథ హాయిగా ఉంటుంది. చెల్లెలు దుర్మార్గురాలు, అన్నయ్య అమాయకుడు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. 1937లో పారిస్‌లో జార్జ్ బతాయ్ అనే ఫ్రెంచి రచయిత నీషేని ఫాసిస్టుల చేతుల్లోంచి గుంజుకోవడానికి ధైర్యంగా రాశాడు, 1950లో వాల్టర్ కాఫ్మన్, నాజీ జర్మనీ నుంచి అమెరికాకి పారిపోయిన కుర్రాడు, రాసిన పుస్తకం ఇంగ్లీషు చదివే ప్రపంచానికి కొత్త నీషేని ఇచ్చింది. కాఫ్మన్ నీషేలో పవర్ అంటే తన కోరికల్ని తానే మలుచుకోవడం, కళగా మార్చుకోవడం. పైన నేను చెప్పిన విశ్వామిత్రుడి వైపు అన్నమాట. దానికి నేను ఋణపడి ఉన్నాను, కానీ అది పూర్తి నిజం కాదు, అది కూడా ఒక కత్తెరే. ఎలిజబెత్ మెత్తటివి కత్తిరించి గట్టివి ఉంచితే, కాఫ్మన్ గట్టివాటి అంచులు నున్నగా చేశాడు.

ఎందుకంటే నీషే ఇవి కూడా రాశాడు. మనిషి ఎదగడం అనేది ఎప్పుడూ కులీన సమాజం వల్లే జరిగింది, ఇకపై కూడా అంతే, దానికి ఏదో ఒక రూపంలో బానిసత్వం కావాలి అని. ప్రాణం అంటేనే ఆక్రమించుకోవడం, గాయపరచడం, బలహీనుణ్ణి లొంగదీసుకోవడం, దోపిడీ అనేది చెడిపోయిన సమాజపు లక్షణం కాదు, జీవం స్వభావమే అది అని. ఇవి చెల్లెలు ఇరికించినవి కావు, ఆయన బతికుండగా ఆయనే సొంత డబ్బు పెట్టి అచ్చు వేయించుకున్న పుస్తకంలోవి. 1871లో పారిస్ కమ్యూన్, అంటే తిరగబడ్డ కార్మికులు పారిస్‌ని కొన్నాళ్ళు ఏలిన రోజుల్లో లూవ్ర్ మ్యూజియం తగలబెట్టారన్న పుకారు విని ఆయన ఏడ్చాడు, కార్మికుల తిరుగుబాటు అంటే సంస్కృతి నాశనం అన్న భయం ఆయన్ని ఆ తర్వాత ఎప్పుడూ వదల్లేదు. ఇటలీ మార్క్సిస్టు దొమెనికో లొసుర్దో 2002లో ఒక లావుపాటి పుస్తకంలో ఈ దారాన్నే పట్టుకుని, నీషే మొదట్నించి చివరిదాకా రాజకీయ మనిషే, సమానత్వానికి శత్రువే అని వాదించాడు. డెన్మార్క్ విమర్శకుడు బ్రాండెస్ ఆయన ఆలోచనకి 'కులీన రాడికలిజం' అని పేరు పెడితే, నా గురించి నేను చదివిన వాటిలో అన్నిటికన్నా తెలివైన మాట ఇది అని నీషే మురిసిపోయాడు. పేరు ఆయనే ఒప్పుకున్నాక మనం మార్చడానికి ఎవరం?

అయితే ఫ్రాన్స్‌లో ఎడమవైపు వాళ్ళు ఈయన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు అంటే, వాళ్ళు నీషే జవాబుల్ని పక్కన పెట్టి ప్రశ్నని తీసుకున్నారు. దెల్యూజ్ 1962లో, ఫూకో 1970ల్లో. ఏదైనా ఒక గొప్ప విలువ కనపడితే అది నిజమా కాదా అని మాత్రమే అడక్కు, దీన్ని ఎవరు కోరుకుంటున్నారు, దీనివల్ల ఎవరి పట్టు బిగుస్తోంది అని అడుగు. పవర్ అనేది కుర్చీలో కూర్చున్నవాడి జేబులో ఉండే వస్తువు కాదు, బడిలో, ఆసుపత్రిలో, జైల్లో మనుషుల మధ్య పారే సంబంధం, అది మనల్ని అణచడమే కాదు మనల్ని తయారు చేస్తుంది కూడా అని ఫూకో అన్నాడంటే దాని వెనక నీషే ఉన్నాడు. నీషే మన శరీరాన్నే ఎన్నో ఆత్మలు కలిసున్న సమాజం అన్నాడు, లోపల ఆజ్ఞాపించేదీ లోబడేదీ రెండూ మనమే, పని జరిగాక మాత్రం ఆజ్ఞాపించిన ముక్క 'నేను చేశాను' అనుకుంటుంది, అచ్చం ఊరంతా చేసిన పనికి పాలకవర్గం తన పేరు వేసుకున్నట్టు. శిలాఫలకం మీద ఎవరి పేరు ఉంటుందో, రాయి మోసిందెవరో మనకి తెలుసు కదా.

ఇంకో చదువరుల గుంపు ఆయన కుర్రతనపు వ్యాసం ఒకటి పట్టుకుంది, 1872లో రాసిన 'హోమర్ పోటీ'. గ్రీకులకి ఇద్దరు పోట్లాట దేవతలు, ఒకావిడ యుద్ధాలు పెడుతుంది, రెండో ఆవిడ కుమ్మరికి కుమ్మరి మీద ఈర్ష్య పుట్టించి ఇద్దరిచేతా మంచి కుండలు చేయిస్తుంది. ఆ రెండో ఆవిడని నిలబెట్టుకోవాలంటే పోటీ ఎప్పటికీ ముగిసిపోకూడదు, ఒక్కడే మిగలకూడదు, అందుకే అందరికంటే మరీ పైకెళ్ళినవాణ్ణి గ్రీకులు ఊరినుంచి వెలివేసేవాళ్ళు అంటాడు. దీంట్లోంచి ప్రజాస్వామ్యం అంటే ఎవరూ శాశ్వతంగా గెలవని ఆట, ఎదుటివాణ్ణి ఓడించాలి గానీ లేకుండా చెయ్యకూడదు అనే సిద్ధాంతం అల్లారు. నీషేకి ప్రజాస్వామ్యం నచ్చదు, అయినా ఆయన దారంతోనే అల్లారు. ప్రతిపక్షం లేని అసెంబ్లీ కావాలని కోరుకునేవాళ్ళు ఈ వ్యాసం చదవాలి.

ఇక మన దేశం. 1888లో నీషే మనుస్మృతి చదివాడు, జాకోలియో అనే ఫ్రెంచివాడు చేసిన, అంతగా నమ్మడానికి వీల్లేని అనువాదంలో. చదివి ఉప్పొంగిపోయి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఆ ఏడాది రాసిన రెండు పుస్తకాల్లో మనువు వస్తాడు. ఒకదాంట్లో పొగడ్త, కులాల మెట్లు ప్రకృతి పెట్టినవే అన్నంత దూరం వెళ్ళాడు. రెండోదాంట్లో మాత్రం చండాలుల మీద పెట్టిన నియమాలు వరసగా రాసి, మన మనసుకి ఇంతకంటే ఎదురు తిరిగేది ఇంకోటి ఉండదేమో అన్నాడు, మనుషుల్ని నీతిమంతుల్ని చెయ్యడానికి వాడిన ప్రతి సాధనమూ మూలమట్టంగా అనీతే అని ముగించాడు. ఆ నియమాల్లో ఒకటి నీళ్ళ గురించి. చండాలులు నదిలోంచి గానీ, ఊటలోంచి గానీ, చెరువులోంచి గానీ నీళ్ళు తీసుకోకూడదు, బురద గుంటల అంచుల్లో, పశువుల కాలిగుంటల్లో నిలిచిన నీళ్ళే తీసుకోవాలి.

దీన్ని అవతలి ఒడ్డు నుంచి చదివిన మనిషి అంబేద్కర్. 'హిందూయిజం ఫిలాసఫీ' అని ఆయన పోయాక అచ్చయిన రాతలో నీషే దగ్గర చాలాసేపు ఆగుతారు. జరతూష్ట్ర అన్నది మనువుకి కొత్త పేరు, ఆ పుస్తకం మనుస్మృతికి కొత్త ఎడిషన్ అంటారు. అక్కడితో ఆపలేదు. ఇద్దరికీ తేడా ఒకటుంది అని కూడా చెప్తారు, నీషేకి నిజంగానే ఇప్పుడున్న మనిషిని మించిన కొత్త మనిషిని తయారు చెయ్యాలని ఉంది, మనువుకి మాత్రం ఇప్పటికే తాము మహామానవులం అని ప్రకటించుకున్న ఒక వర్గం హక్కుల్ని కాపాడాలని ఉంది. అంటే నీషేని ఫాసిస్టు అని విసిరేయలేదు, అమాయకుడు అని ఒళ్ళో పెట్టుకోలేదు, ఎవరి సంకల్పం ఎటు చూస్తోంది అని నీషే పద్ధతిలోనే నీషేనీ మనువునీ పక్కపక్కన పెట్టి తూచారు. యూరప్‌లో ఎంతమంది చదివినా నాకు ఈ చదువే అందరికంటే సూటిగా అనిపిస్తుంది.

నీషే దృష్టిలో అణగారినవాళ్ళ తిరుగుబాటు అంటే 'రెసాంతిమా', అంటే లోపల మగ్గిన కసి, క్రైస్తవాన్ని ఆయన చండాలుల పగ అనే అన్నాడు. కానీ ఆయన తన నిర్వచనంలోనే ఒక షరతు పెట్టుకున్నాడు. నిజమైన ప్రతిచర్య, అంటే చేతల్లో బదులివ్వడం, దక్కనివాళ్ళు ఊహల్లో పగ తీర్చుకోవడమే ఆ కసి అని. చేతల్లోకి దిగినవాడి దగ్గర ఈ మాట పనిచెయ్యదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ వెనక వేల మంది దళితులు నడిచి చవదార్ చెరువులో దిగి దోసిళ్ళతో నీళ్ళు తాగారు. ఆ చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ అప్పటికే తీర్మానం చేసింది, తీర్మానం కాగితం మీదే ఉంది. తాగినవాళ్ళని కొట్టారు, పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపి కుండలతో పోసి చెరువుని శుద్ధి చేశారు. ఆ డిసెంబర్లో మళ్ళీ మహాడ్‌లో సభ పెట్టి, 25న మనుస్మృతిని తగలబెట్టారు. ఆ సభలో అంబేద్కర్ అన్నది ఇది: ఈ చెరువు నీళ్ళు తాగితే మనం అమరులం అయిపోం, ఇన్నాళ్ళూ ఇవి తాగకుండానే బతికాం, మనం అక్కడికి వెళ్తున్నది నీళ్ళ కోసమే కాదు, అందరిలాగే మనమూ మనుషులమని నిలబెట్టుకోవడానికి.